లేని ఫ్లాపీ తెరిచిన తలుపు

2015 మే 13. కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పరిశోధకుడు జేసన్ గెఫ్నర్ కనిపెట్టిన ఒక లోపం ఆ రోజు లోకానికి తెలిసింది. దానికి పెట్టిన పేరు 'వెనమ్'. అంటే విషం. అధికారిక నంబరు సీవీఈ-2015-3456. అది ఎక్కడ దాక్కుందో చెబితే నమ్మడం కష్టం. ఫ్లాపీ డ్రైవ్‌లో!

1.44 ఎంబీ పట్టే ఆ ప్లాస్టిక్ బిళ్లను చొక్కా జేబులో పెట్టుకుని కంప్యూటర్ క్లాసుకు వెళ్లిన తరం మాది. 2015 నాటికి అది అటకెక్కి చాలా ఏళ్లయింది. కానీ క్లౌడ్ సర్వర్ల లోపల బతికే ఉంది.

ఒక పెద్ద సర్వర్‌ను పంచుకుని ఎన్నో వర్చువల్ మెషీన్లు కాపురం ఉంటాయి. ఒక్కోటీ తానే అసలు కంప్యూటర్‌ననుకుంటుంది. దాన్ని అలా నమ్మించాలంటే డిస్కు, కీబోర్డు, ఫ్లాపీ అన్నీ ఉన్నట్టే ఎవరో నటించాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూ. ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది అందులోకి ఫ్లాపీ కంట్రోలర్ కోడ్, అంటే డ్రైవ్‌ను నడిపే భాగంలా నటించే కోడ్, వచ్చి చేరింది. వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం, జెన్, వర్చువల్‌బాక్స్ అన్నిటికీ ఆ కోడే వెళ్లింది. పదకొండేళ్లు అందులోని తప్పు ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు ఆ కంట్రోలర్ లోపలికి వెళ్దాం.

అక్కడ 512 గదుల వరస ఒకటుంది. బయటి నుంచి బైటు వస్తే మొదటి గదిలో కూర్చుంటుంది, తర్వాతిది రెండో గదిలో. ఏ గది దాకా నిండిందో చూపించడానికి ఒక సూచిక. కమాండ్‌కు కావలసిన బైట్లన్నీ అందగానే కంట్రోలర్ పని చేస్తుంది, జవాబిస్తుంది, సూచిక సున్నాకి తిరిగొస్తుంది. ఏ కమాండ్‌కైనా ఇదే వరస. రెండింటికి తప్ప.

మొదటిది 'రీడ్ ఐడీ'. నిజం డిస్కు తిరగడానికి కొంత సమయం పడుతుంది కదా, ఆ నటన కోసం కోడ్ సెకనులో యాభయ్యో వంతు ఆగుతుంది. ఆ కాస్త వ్యవధిలో తలుపు మూయడం మరిచిపోయారు. రెండోది 'డ్రైవ్ స్పెసిఫికేషన్'. చివరి బైటులో ఒక బిట్టు వెలగకుండా పంపితే చాలు, సూచికను వెనక్కి తెచ్చే దారే మిగలదు.

కమాండ్ అయిపోయింది. అయినా బైట్లు వస్తూనే ఉన్నాయి. సూచిక నూరు దాటింది, మూడొందలు దాటింది. 511, 512. గదులు అయిపోయాయి. 513వ బైటు గోడ అవతలికి వెళ్లి కూర్చుంది. అవతల ఉన్నది సర్వర్ సొంత మెమరీ. ఒడుపు తెలిసినవాడు అక్కడ తనకు కావలసింది రాసుకుని వర్చువల్ మెషీన్ నుంచి బయటికి రాగలడు. వచ్చాడంటే పక్క కాపురాలన్నీ అతని చేతికి అందుతాయి. దీనికి తన మెషీన్‌పై అడ్మిన్ హక్కు ఉంటే చాలు. క్లౌడ్‌లో మెషీన్ అద్దెకు తీసుకున్న ప్రతివారికీ ఆ హక్కు ఉంటుంది.

ఫ్లాపీని తీసేస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. జెన్, క్యూఈఎంయూల్లో మరో తప్పు వల్ల, డ్రైవ్‌ను ఆపేసినా కంట్రోలర్ కోడ్ మేలుకునే ఉంది. అదృష్టం కొద్దీ, లోపం బయటపడే నాటికి దీన్ని వాడుకుని ఎవరైనా దాడి చేసిన ఆనవాళ్లు కనబడలేదు.

మరమ్మతు వెంటనే వచ్చింది. సూచిక ఎంత దూరం పోయినా 512 దగ్గర మళ్లీ మొదటికి తిరిగేలా కట్టేశారు. నా దృష్టిలో అది కంచె మాత్రమే. అసలు జబ్బు వేరు. ఫ్లాపీ కంట్రోలర్‌కు మూడు దశలుంటాయని దాని నిర్దేశాల్లోనే ఉంది: కమాండ్ అందుకోవడం, పని చేయడం, ఫలితం ఇవ్వడం. కోడ్‌లో మాత్రం ఆ దశ పేరు ఎక్కడా రాసి లేదు. కంట్రోలర్ తన స్థితిని ఉంచుకునే రిజిస్టర్లలో ఏ బిట్లు వెలుగుతున్నాయో చూసి ఊహించుకోవాల్సిందే. 'పని చేస్తున్నాను, ఇప్పుడు బైట్లు తీసుకోను' అని చెప్పడానికి దానికి మాటే లేదు.

ఆ తర్వాత ఆ మాట ఇచ్చారు. దశ ఏమిటో నమోదు చేసే అంశం ఒకటి కోడ్‌లో చేరింది. బైటు రాగానే ముందు దశ ఏదో చూస్తుంది. వేళ కాని వేళ వచ్చిన బైటును లోపలికి రానివ్వదు.

ఆ మూడు దశలతో పాటు నాలుగోది కూడా ఒకటి పెట్టారు, సున్నా అంకెతో. 'పునర్నిర్మించు' అని దాని అర్థం. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండా ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలిస్తుంటారు. పాత క్యూఈఎంయూ నుంచి వచ్చే మెషీన్‌కు తన ఫ్లాపీ ఏ దశలో ఉందో చెప్పడం తెలియదు, అది పుట్టినప్పుడు ఆ పేర్లు లేవు మరి. అలాంటిది వచ్చినప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ దాని రిజిస్టర్ల బిట్లు చూసి, అది ఏ దశలో బయల్దేరిందో తేల్చి, ఆ పేరు తానే రాసి, అప్పుడు పనిలోకి దింపుతుంది.