పన్నులో రాయితీ, ప్రజలకు తెలివిడి: గంజాము చరిత్ర చెప్పు పాఠము

పన్నుల చరిత్ర వ్రాయువారు సాధారణముగా ప్రభుత్వము ప్రజలయొద్ద ఎంత తీసికొనెనో లెక్కించుచుందురు. ఎంత విడిచిపెట్టెను, విడిచిపెట్టినది ఎవరి ఇంటికి చేరెను అను ప్రశ్నలు అంతగా విచారింపబడలేదు. పేదవానికి ఈ రెండవ విచారణయే ముఖ్యము. శాసనమున రాయితీ ఉండుట యొకటి. అది ఉన్నదని కాపునకును, కూలికిని తెలియుట వేఱొకటి. ఈ రెంటికిని నడుమనున్న దూరమును గంజాము ప్రాంతపు చరిత్రలోని మూడు ఘట్టములద్వారా చూపి, అందుండి నేటి పాత్రపూరు ప్రాంతపు తెలుగు కుటుంబములు గ్రహింపదగినది మనవి చేయుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదటి ఘట్టము కుంపిణీ దొరతనము నాటిది. అప్పుడు గంజాము చెన్నపురి రాజధానికి ఉత్తరపు కొసనున్న జిల్లా. ఆ రాజధానిలో భూమిశిస్తుగాక చేతిపనులవారిపై మొహతర్ఫా అను పన్ను కలదు. సాలెవాడు, వడ్రంగి, లోహపు పనివాడు, చిల్లర వర్తకుడు దానికి లోబడినవారు. 1852లో గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు ప్రముఖులుగా వెలసిన మద్రాసు నేటివ్ అసోసియేషను ఇంగ్లాండు పార్లమెంటునకు పంపిన మహజరులో ఈ పన్నును గూర్చిన మొఱ కలదు. శిస్తు వసూలులో జరుగు హింసలను విచారించుటకు 1854లో ఒక సంఘము నియమింపబడి, మఱుసటి సంవత్సరము నివేదిక సమర్పించెను. హింస జరుగుచున్నమాట నిజమని తేల్చుటయేగాక, బాధపడినవానికి న్యాయము పొందుట మిక్కిలి కష్టముగా నున్నదనియు ఆ సంఘము గుర్తించెను. గమనింపవలసిన దేమనగా, హింసను నిషేధించు ఉత్తరువులు అంతకుముందే దఫ్తరములలో ఉన్నవి. అవి రైతు గడపవఱకు రాలేదు.

రెండవ ఘట్టము ఉప్పునకు సంబంధించినది. గంజాము తీరమున హుమ్మ, సుర్ల మొదలగుచోట్ల ఉప్పు పండును. 1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమంతటను, ఈ తీరమునను నడచెను. 1931 మార్చి 5వ తేదీన జరిగిన గాంధీ-ఇర్విన్ ఒడంబడికలో ఉప్పు చట్టము రద్దు కాలేదు గాని, పేదలకు ఉపశమనముగా ఒక రాయితీ ఏర్పడినది. ఉప్పు దొరకు తావుల ననుకొనియున్న గ్రామములవారు తమ ఇంటి వాడుకకు గాని, ఆ గ్రామములలోనే అమ్ముకొనుటకు గాని ఉప్పును సేకరింపవచ్చును, తయారు చేసికొనవచ్చును. బయటివారికి మాత్రము అమ్మరాదు. ఈ మూడు మాటలలో మొదటి రెండు తెలిసి మూడవది తెలియని కూలి, ఉప్పు గంపను పొరుగూరి సంతకు మోసికొనిపోయినచో అపరాధి యగును. రాయితీని ఎఱుగనివాడు దానిని కోల్పోవును. సగమెఱిగినవాడు చిక్కున పడును. 1947 ఏప్రిలు 1వ తేదీనుండి ఉప్పుపన్ను తొలగుటతో ఈ చిక్కు తీరినది గాని, అందలి నీతి తీరలేదు.

మూడవ ఘట్టము మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గఱిది. 1802 నాటి శాశ్వత పరిష్కారముచే జమీందారు చెల్లింపవలసిన పేష్కషు స్థిరపడెను గాని, రైతు జమీందారునకు చెల్లించు శిస్తు అట్లు స్థిరపడలేదు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూచట్టము రైతునకు సాగుహక్కు నిచ్చినను, శిస్తుల భారము మిగిలియే యుండెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురము, పాత్రపూరు ప్రాంతములు ఇటు చేరగా, ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి మద్రాసులో నిలిచిపోయెను. ఒకే తీరు శిస్తు చెల్లించుచు, ఇచ్చిపుచ్చుకొనుచు వచ్చిన కుటుంబములలో ఒక వియ్యంకుడు ఒక ప్రభుత్వము క్రిందను, వేఱొక వియ్యంకుడు మఱొక ప్రభుత్వము క్రిందను పడిరి.

ఉభయత్ర శిస్తు తగ్గింపునకు యత్నములు జరిగినవి. మద్రాసులో 1937లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి అధ్యక్షతన విచారణసంఘ మేర్పడి, 1938లో నివేదిక వచ్చెను. 1947లో శిస్తు తగ్గింపు చట్టమును, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టమును వెలువడెను. ఒరిస్సాలో, గంజాము జిల్లావారే యైన విశ్వనాథ దాసుగారి మంత్రివర్గము జమీందారీ శిస్తులను సమీపపు రయత్వారీ శిస్తుల స్థాయికి దింపనెంచి మద్రాసు ఎస్టేట్ల భూచట్టమునకు సవరణ తెచ్చెను. శాసనసభ ఆమోదించినను గవర్నరు జనరలు సమ్మతి లభింపలేదు. 1947లో ఒరిస్సాలో ఆ చట్టమునకు మఱియొక సవరణ జరిగినది. దానిని, 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమును పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవుగారు మొదలగువారు ప్రశ్నింపగా, 1953లో సుప్రీముకోర్టు వారి వాదమును త్రోసివైచెను.

ఈ వ్యాజ్యమును న్యాయశాస్త్రజ్ఞులు అనేకవిధముల చర్చించిరి. మనము చూడవలసిన దొక్కటే. శిస్తు తగ్గినచో తమకు రావలసిన నష్టపరిహారము తగ్గునని జమీందారులకు వెంటనే తెలిసినది. వారికి వకీళ్లు కలరు, ఢిల్లీవఱకు దారి కలదు. తన బాకీ ఎంత తగ్గినదో తెలిసికొనుటకు రైతునకు కరణము నోటిమాటయే ఆధారము. రసీదులోని అంకె చదువలేనివానికి తగ్గిన శిస్తును, తగ్గని శిస్తును ఒక్కటియే.

ఇది గతించిన కథ యని ఊరకుండుటకు వీలులేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమమునకై 1996లో పార్లమెంటు చేసిన చట్టములు నిర్మాణవ్యయముపై నూటికి ఒకటి మొదలు రెండు వంతులవఱకు సుంకము విధించుటకు వీలు కల్పించెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియందును ఆ ఏర్పాటు నిలిచినది. 18 మొదలు 60 ఏండ్లవఱకు వయస్సుండి, గడచిన పండ్రెండు మాసములలో 90 దినములు పనిచేసి, పేరు నమోదు చేయించుకొనినవానికే ఆ నిధినుండి సహాయము. మన ఊళ్లనుండి పొరుగు రాష్ట్రములకు ఇటుక మోయబోవువారు ఆ సుంకము పుట్టుటకు కారకులు. నమోదు లేనిచో దాని ఫలమునకు వారు భాగస్వాములు కారు. అట్లే, ఆదాయము పన్ను పరిమితికి లోబడియున్నను, చెల్లింపు సమయముననే పన్ను పట్టుకొనబడినవాడు లెక్క దాఖలు చేసినగాని ఆ సొమ్ము తిరిగిరాదు. అడుగనిచో అది పోయినట్లే.

ఈ దుఃస్థితి బీదదేశములకే పరిమితము కాదు. అమెరికాలో 1975నుండి స్వల్పాదాయము గల శ్రామిక కుటుంబములకు ఆదాయపు పన్నులో జమ ఇచ్చు పద్ధతి కలదు. చెల్లింపవలసిన పన్ను ఏమియు లేకున్నను ఆ సొమ్ము వారి చేతికి వచ్చును. అయినను అర్హులలో దాదాపు ఐదింట ఒకవంతు దానిని అడుగుటలేదని అచ్చటి పన్నుల శాఖయే చెప్పుచున్నది. అందువలన ప్రతి సంవత్సరము ప్రచారము సాగించి, స్వచ్ఛంద సేవకులచే పేదల లెక్కలను ఉచితముగా వ్రాయించుచున్నారు. అంతటి సంపన్నదేశమున ప్రభుత్వమే ఇంటింటికి చెప్పవలసివచ్చినపుడు, ఇంటిభాష ఒకటియు, కచేరిభాష వేఱొకటియు నైన మనచోట చెప్పువారి అవసర మెంత!

అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో తెలుగు చెప్పువాడనుగా నాకు తోచిన మార్గ మిది. మన సంఘము సంవత్సరమున కొకమారు, కూలీలు పండుగలకు స్వగ్రామములకు వచ్చు దినములలో, ఏయే రాయితీలు కలవో, ఎవరికి కలవో, ఏయే కాగితములు కావలెనో, ఏ తేదీలోపల అర్జీ పెట్టవలెనో తేట తెలుగులో ఒక్క పుటలో అచ్చువేయించి పంచవలెను. షరతులను విడువక చెప్పవలెను. ఉప్పు రాయితీ కథ అందుకు సాక్ష్యము. పై తరగతుల పిల్లలకు రసీదును, నమోదుపత్రమును, ఒడియా లిపిలోని నోటీసును చదివి తల్లిదండ్రులకు తెలుగున చెప్పుట నేర్పవలెను. రెండు భాషలు వచ్చిన పిల్ల ఇంటనుండగా ఆ ఇంటికి రావలసిన రూకలు రాకపోవుట మన చదువునకు వన్నె కాదు.

మాతృభాషను కాపాడుకొనవలెనని మన సభలలో తఱచుగా తీర్మానించుచున్నాము. ఆ భాషలో పేదవాని హక్కు వానికి తెలిసినపుడు, దానిని కాపాడవలసినవారిలో వాడును ఒకడగును.