ఇంజను కడుపులో ఇటుకలు

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉన్నారు. విశ్వకర్మ పూజనాడు యంత్రానికి బొట్టు పెడతారు గానీ, ఆవిరి ఇంజను పొగ తగ్గించినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. ఇంగ్లండులోని మిడ్లాండ్ రైల్వేలో చార్లెస్ మార్కమ్ 1850ల చివర్లో ప్రయోగాలు చేసి, ఫైర్‌బాక్సులో ఫైర్‌బ్రిక్ ఆర్చి పెట్టించాడు. బొగ్గు వాయువులు నేరుగా గొట్టాల్లోకి పోకుండా, ఎర్రగా కాలిన ఆర్చి కింద గాలితో కలిసి పూర్తిగా మండాయి. పొగ తగ్గింది, బొగ్గు మిగిలింది. నేటి కొలిమిలో సిరామిక్ ఫైబర్ చేసేదీ వేడిని వృథా పోనివ్వకపోవడమే.

ఇక్కడ నాకొక సందేహం. ఇంజన్లు పొదుపుగా పనిచేసేకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందని 1865లోనే జెవాన్స్ రాశాడు. సిరామిక్స్ కర్బనాన్ని తగ్గిస్తాయనేవాళ్ళను హేతువాదులు అడగాల్సింది ఒక్కటే: మొత్తం కాల్చింది తగ్గిందా?