కీలు లోపలికి చూపు: ఒక శస్త్రవిద్యను నేర్పిన చరిత్ర

మోకాలిని పెద్దగా కోయకుండా లోపలికి తొంగిచూడాలన్న ఆలోచనకు వందేళ్లు దాటాయి. 1912లో డెన్మార్క్ వైద్యుడు సెవెరిన్ నార్డెన్‌టాఫ్ట్ బెర్లిన్‌లో సర్జన్ల మహాసభ ముందు ఈ విషయం ప్రస్తావించి, ‘ఆర్థ్రోస్కోపీ’ అన్న పేరు వాడారు. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయాన్ని పరీక్షించే సిస్టోస్కోపును ఒక మృతదేహపు మోకాలిలోకి పంపి చూశారు. ఆయన్ను ఆ పనికి పురిగొల్పింది క్షయ. అది సోకి మోకాలు బిగుసుకుపోతే, నేలమీద కాళ్లు మడిచి కూర్చునే జపాన్‌వారికి రోజు గడవడమే కష్టం. స్విట్జర్లాండ్‌లో సర్జన్ బిర్షర్ 1921లో, న్యూయార్క్‌లో మైకేల్ బర్మన్ 1931లో తమ పరిశోధనలు ప్రచురించారు. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల్లో ఈ విద్య చాలాకాలం మూలనపడింది. పరికరాలు సరిగ్గా లేకపోవడం ఒక కారణం. నేర్పేవాళ్లు లేకపోవడం అంతకంటే పెద్ద కారణమని నేను నమ్ముతాను.

జపాన్‌లో మాత్రం గురుశిష్యుల వరస తెగలేదు. తకాగి శిష్యుడు మసాకి వతనబె 1957లో కీలు లోపలి దృశ్యాలతో అట్లాస్ వెలువరించారు. 1950ల చివరికి 21వ నమూనా ఆర్థ్రోస్కోపును సిద్ధం చేశారు. దాని కొసన ఉండే చిన్న బల్బు కీలు లోపలే పగిలే ప్రమాదం ఉండేది. 1962 మే 4న ఆయన ఒక 17 ఏళ్ల కుర్రాడి మోకాలిలో చిరిగిన మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ముక్కను చిన్న రంధ్రాల గుండానే తీసేశారు. ఆరు వారాలకు ఆ అబ్బాయి మళ్లీ బాస్కెట్‌బాల్ ఆడాడు.

1964లో కెనడా నుంచి రాబర్ట్ జాక్సన్ టోక్యో వచ్చారు. వతనబె దగ్గర ఈ విద్య నేర్చుకుంటూ, బదులుగా ఆయనకు ఇంగ్లీషు నేర్పారు. ఉత్తర అమెరికాలో ఆర్థ్రోస్కోపీ వ్యాప్తికి ఈ ఇచ్చిపుచ్చుకోవడమే పునాది. 1974లో ఫిలడెల్ఫియాలో అంతర్జాతీయ ఆర్థ్రోస్కోపీ సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు వతనబెయే.

అప్పటికీ ఒక చిక్కు మిగిలే ఉంది. సర్జన్ గొట్టానికి కన్ను ఆనించి చూసేవాడు. ఆ దృశ్యం ఆ ఒక్క కంటికే దక్కేది. పక్కన నిలబడిన శిష్యుడికి గురువు చేతులు కనిపించేవి కానీ, ఆ చేతులు లోపల ఏం చేస్తున్నాయో తెలిసేది కాదు. 1970లలో కెమెరా, టీవీ తెర ఆపరేషన్ థియేటర్‌లోకి వచ్చాక గురుశిష్యులిద్దరూ ఒకే దృశ్యం చూడగలిగారు. ఈ విద్యను నేర్పే పద్ధతిలో ఇంతకు మించిన మలుపు మరొకటి లేదు.

తెర వచ్చినా చేయి తిరగడం సులువు కాలేదు. కళ్లు తెరమీద ఉంటాయి. ఒక చేతిలో స్కోపు, మరో చేతిలో పరికరం, రెండూ వేర్వేరు రంధ్రాల గుండా వెళ్లి లోపల ఒకే బిందువు దగ్గర కలవాలి. స్కోపు కొస సాధారణంగా 30 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అది ఎదురుగా కాక కాస్త పక్కకు చూపిస్తుంది. చేయి తడబడితే మృదులాస్థి గీసుకుపోతుంది, అది మళ్లీ మామూలుగా పెరగదు. అందుకే మృతదేహాల మీద, కృత్రిమ మోకాళ్ల మీద, కంప్యూటర్ సిమ్యులేటర్ల మీద సాధన చేయించే శిక్షణ కేంద్రాలు వచ్చాయి. చికాగో దగ్గరి రోజ్‌మాంట్‌లోని కేంద్రం అలాంటిదే.

ఇన్ని నెలలు పనిచేస్తే నేర్చుకున్నట్టే అన్న పాత లెక్కను ఉత్తర అమెరికా ఆర్థ్రోస్కోపీ సంఘం ప్రశ్నించింది. భుజం కీలు గుంటకు ఊడిపోయిన అంచును తిరిగి బిగించే బాంకార్ట్ మరమ్మతు మీద ఆ సంఘం 44 మంది పీజీలతో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ప్రతి దశలో నిర్ణీత ప్రమాణం అందుకున్నాకే ముందుకు పంపిన బృందం, మామూలు శిక్షణ పొందినవారి కంటే 56 శాతం తక్కువ తప్పులు చేసింది. నా దృష్టిలో ఏ దేశంలోనైనా శిక్షణ ఇలాగే ఉండాలి.

చేతి నేర్పు ఒక్కటే చాలదని కూడా తేలింది. 2002లో హ్యూస్టన్‌లో 180 మంది కీళ్ల అరుగుదల రోగులపై ఒక పరీక్ష జరిపారు. కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి ఊరుకున్నారు. నిజంగా ఆర్థ్రోస్కోపీ చేయించుకున్నవారికి వాళ్లకంటే ఎక్కువ ఉపశమనం కలగలేదు. వయసుతో చిరిగిన మెనిస్కస్ విషయంలో 2013లో ఫిన్లాండ్ పరిశోధకులూ ఇదే చూపారు. కాబట్టి ఎవరికి చేయకూడదో నేర్పని శిక్షణ సగం శిక్షణే.

పాఠకులారా, మీకు గానీ మీ ఇంట్లో పెద్దలకు గానీ కీలుకు ఆర్థ్రోస్కోపీ (కీహోల్ సర్జరీ) చేయించమని డాక్టరు చెబితే రెండు మాటలు నిస్సంకోచంగా అడగండి: వ్యాయామ చికిత్సతో తగ్గే అవకాశం ఉందా, ఈ ఆపరేషన్‌లో మీరు ఎక్కడ, ఎలా శిక్షణ పొందారు?