అరచేతి కంప్యూటరుకు నీరుగంటి ఎవరు?

గుమ్మఘట్ట ప్రాంతపు విద్యార్థులకు నీరుగంటి అనగా ఎవరో వివరించనక్కరలేదు. చెరువు తూము తెరచి, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో నిర్ణయించి, వంతు తీరగానే కాలువ కట్టివేయువాడు నీరుగంటి. ఆ మండలంలోనే వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయం నిండే సంవత్సరాలు తక్కువ. నీరు తక్కువైన చోటనే నీరుగంటి నేర్పు బయటపడును.

కంప్యూటరులో ఈ పని చేయునది ఆపరేటింగ్ సిస్టం. దీనిని నిర్వాహక వ్యవస్థ అందాము. ప్రాసెసరు కాలం, జ్ఞాపకస్థానం, విద్యుత్తు ఏ ప్రోగ్రాముకు ఎంత దక్కవలెనో అదే చూచుకొనును. బల్లమీది కంప్యూటరుకు గోడలోనుండి కరెంటు ఎడతెగక వచ్చును గనుక అక్కడ దుబారా మన కంట పడదు. చేతిలో పట్టుకొని ఆటలాడు కంప్యూటరుకు బ్యాటరీయే చెరువు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలోని వాల్వ్ సంస్థ విడుదల చేసిన స్టీమ్ డెక్ బ్యాటరీ 40 వాట్-గంటలది. యంత్రం మొత్తం 20 వాట్లు తీసుకొన్నచో ఆట 2 గంటలు సాగును; 10 వాట్లతో సరిపెట్టుకొన్నచో 4 గంటలు. అందుచేతనే ఇట్టి యంత్రానికి విండోస్ మేలా, లినక్స్ మేలా అన్న వాదం ఇంత గట్టిగా సాగుచున్నది.

ఈ ఎంపిక మన పొరుగున బెంగుళూరులో చాలకాలం క్రిందటే ఒకసారి జరిగినది. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజనీర్లు కలిసి 1999లో ఒక ట్రస్టు స్థాపించి, 2001 ఏప్రిల్‌లో ‘సింప్యూటర్’ అనే అరచేతి కంప్యూటరును చూపినారు. చదువురానివారికి కూడ పనికిరావలెనని, భారతీయ భాషలలో పైకి చదివి వినిపించు ఏర్పాటు చేసినారు. ఒకే యంత్రాన్ని ఊరివారు పలువురు వాడుకొనుటకు స్మార్ట్ కార్డు పెట్టినారు. ధర సుమారు 9,000 రూపాయలకు మించకూడదని వారి ఆశయం.

వారు ఎన్నుకొన్నది లినక్స్. ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ వ్యవస్థకు యంత్రానికింత అని లైసెన్సు రుసుము లేదు. దాని మూలరచన అందరికీ తెరచి ఉన్నది గనుక అక్కరలేని భాగాలు తీసివేయవచ్చును, మన లిపులు చేర్చుకొనవచ్చును. చిన్న జ్ఞాపకస్థానంలో సర్దుకొనవలసిన యంత్రానికి ఇంతకంటె తగిన నీరుగంటి దొరకడు.

అయినను సింప్యూటర్ నిలువలేదు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తోడ్పాటుతో ‘అమీడా’ అనే పేర బజారుకు వచ్చినది. అమ్ముడుపోయినవి కొన్ని వేలు మాత్రమే. ఇంతలో సెల్‌ఫోన్లు చౌకయైనవి. అయితే నా దృష్టిలో అసలు లోటు వేరొకటి: జనం రోజూ కోరి తెరచే ప్రోగ్రాములు దానికి తగినన్ని రాలేదు. నీరుగంటి సమర్థుడే గాని మడిలో పైరు లేదు.

విచిత్రమేమనగా, ఇదే కష్టం ధనబలం గల వాల్వ్ సంస్థకును తప్పలేదు. 2015లో లినక్స్‌తో నడిచే ‘స్టీమ్ మెషీన్’లు అంగళ్లకు వచ్చినవి. ఆటలలో అత్యధికం విండోస్‌కే వ్రాయబడినవి. లినక్స్‌పై ఆడదగినవి కొద్ది. కొన్నవారు తక్కువ.

దీనికి విరుగుడు దుబాసి. బళ్ళారి బజారులో తెలుగు రైతుకు, కన్నడ వ్యాపారికి నడుమ ఒక దుబాసి నిలిచినాడనుకొందాము. తూకానికి అతనితో పనిలేదు, త్రాసు ఇద్దరికీ ఒకటే. మాట మాత్రమే మార్చవలెను. 1993లో ప్రారంభమైన ‘వైన్’ అనే ప్రోగ్రాము చేయునది ఇదే. ఆటలోని లెక్కలను ప్రాసెసరు నేరుగా చేసివేయును. “ఈ ఫైలు తెరువు”, “ఈ బొమ్మ గీయి” అని ఆట విండోస్‌ను అడిగే కోరికలను మాత్రం వైన్ లినక్స్ భాషలోనికి మార్చును. దీని ఆధారంగా వాల్వ్ 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’ను వెలువరించినది. ఆ తరువాతనే స్టీమ్ డెక్ సాధ్యమైనది. ఆట వ్రాసినవారు తిరిగి వ్రాయకుండగనే వేల ఆటలు లినక్స్‌పై ఆడసాగినవి.

దుబాసికి లొంగనివి కూడ కలవు. పలువురు కలిసి ఆడు ఆటలలో మోసగాళ్లను పట్టుటకు పెట్టిన కాపలా ప్రోగ్రాములు కొన్ని విండోస్ గర్భంలోనికి దూరి పనిచేయును. అక్కడ మాట మార్చి లాభం లేదు. ‘ఏపెక్స్ లెజెండ్స్’ అనే ఆట మోసాల కారణం చెప్పి 2024లో లినక్స్‌కు తలుపు మూసినది. అట్టి ఆటలే కావలెనన్నవారు విండోస్ తీసుకొనక తప్పదు.

2025లో లెనోవో ‘లీజియన్ గో ఎస్’ అనే ఒకే యంత్రాన్ని విండోస్‌తోను, వాల్వ్ వారి లినక్స్‌తోను అమ్మినది. పోల్చి చూచినవారి పరీక్షలలో పెక్కు ఆటలు లినక్స్‌పైనే చురుకుగా నడచినవి. దుబాసి కూలి పోను మిగులు తేలినదన్నమాట! అదే సంవత్సరం అక్టోబరులో ‘ఎక్స్‌బాక్స్ ఆలై’ యంత్రంతో వచ్చిన విండోస్, ఆట ఆడునప్పుడు బల్లమీది కంప్యూటరుకు తగిన భాగాలను కొన్నింటిని తెరవకుండ ఉంచు పద్ధతిని ప్రవేశపెట్టినది.