గ్రంథాలయంలో ముగ్గు

నవంబరు 14 వచ్చిందంటే మా బద్వేలు గ్రంథాలయానికి కళ వస్తుంది. 20వ తేదీదాకా వారోత్సవాలు కదా! తక్కిన రోజుల్లో పేపరు కోసం వచ్చే పెద్దమనుషులూ, ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలే గానీ ఆడవాళ్ళం ఆ గడప తొక్కేది తక్కువ. ఆ వారం మాత్రం పిల్లల బొమ్మలు గోడకెక్కుతాయి. మనకు ముగ్గుల పోటీ ఉంటుంది.

ఒక ఏడు మా పక్కింటక్క 21 చుక్కల ముగ్గు పెట్టింది. సందుచుక్క, 11 వచ్చేదాకా. ఒక్క గీత తప్పలేదు. చూసినవాళ్ళంతా ఔరా అన్నారు. సాయంత్రం సభకు జనం వచ్చి కూర్చునేసరికి పిండి కూడా మిగల్లేదు. "పోనీలేమ్మే, పొద్దున వాకిట్లో మళ్ళీ పెడతా కదా" అని నవ్వేసింది అక్క. నాకే మనసు ఊరుకోలేదు.

గ్రంథాలయంలో బొమ్మలేమిటి, ముగ్గులేమిటి అని మావారు వేళాకోళమాడతారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికని మనమూ కడుతున్నామండీ! పుస్తకాల్లో వాటా ఉన్నప్పుడు గోడలో లేదా? అయినా ఇది మన ఊళ్ళో పుట్టిన వింతేమీ కాదు.

న్యూయార్కులో నల్లవాళ్ళుండే హార్లెం పేటలో, 135వ వీధిలో ఒక గ్రంథాలయం ఉంది. పెద్ద పెద్ద చిత్రశాలలు నల్లవాళ్ళ బొమ్మలను గుమ్మం ఎక్కనివ్వని రోజులవి. 1921లో ఆ గ్రంథాలయం వాళ్ళ చిత్రాలకు తన గోడలిచ్చింది. సరిగ్గా ఆ ఏడే ఫ్లారిడా నుంచి అగస్టా సావేజ్ అనే ఆవిడ 4 డాలర్ల 60 సెంట్లతో ఆ మహానగరంలో దిగింది. చిన్నప్పుడు బంకమట్టితో బొమ్మలు చేస్తే, విగ్రహాలు చేయడం పాపమని తండ్రి చావగొట్టేవాడట. మన ఇళ్ళల్లో అయితే చవితి నాటికి వినాయకుణ్ణి చేసిపెట్టమ్మా అని బతిమాలేవాళ్ళు!

చదువుకోవడానికి ఆ గ్రంథాలయానికి వచ్చే ఈమె పనితనం అక్కడి లైబ్రేరియను కనిపెట్టింది. నల్లజాతి నాయకుడు డుబాయిస్ విగ్రహం చేసే పని ఇప్పించింది. ఆమెకు పేరొచ్చింది అక్కడే. 1923లో ఫ్రాన్సులో వేసవి శిక్షణకు ఎంపిక చేసి, ఒంటి రంగు తెలిశాక వద్దుపొమ్మన్నారు. ఆమె ఊరుకోలేదు, పత్రికలకెక్కింది. చదువు దక్కలేదు గానీ, ఆ అన్యాయం దేశమంతా తెలిసింది.

1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకు ఆవిడ 16 అడుగుల విగ్రహం చేసింది. హార్పు అనే తంత్రీవాద్యం. తీగలకు బదులు వరసగా నిలబడి పాడుతున్న పన్నెండు మంది. లక్షల మంది చూశారు. అది ప్లాస్టరుతో చేసింది. కంచులో పోత పోయించడానికి డబ్బు లేదు, దాచుకోవడానికి చోటు లేదు. ప్రదర్శన అయిపోగానే పగలగొట్టేశారు. జ్ఞాపికలుగా అమ్మిన చిన్న నమూనాలూ, ఫొటోలూ మిగిలాయి.

అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అక్క ముగ్గే కళ్ళలో మెదిలింది.

ఈ నవంబరుకు ఆ 21 చుక్కల ముగ్గును డ్రాయింగు షీటు మీద వేయమని అక్కను పోరుతున్నాను. పిల్లల బొమ్మల పక్కన గోడకు పెట్టిస్తానన్నాను. "కాగితం మీద ముగ్గేందిమ్మే, ఎవరన్నా నవ్విపోతారు" అంటుంది. చివరికి వేస్తానని ఒప్పుకుంది. కింద పేరు రాయాలన్నానో లేదో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.