విమాన ఇంధనంపై రాష్ట్ర అమ్మకపు పన్ను (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

విమాన ఇంధనంపై అమ్మకపు పన్ను అనునది విమానాలలో వాడే టర్బైను ఇంధనాన్ని చమురు కంపెనీలు విమాన సంస్థలకు అమ్మినపుడు రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసే పన్ను. ఈ ఇంధనాన్ని వాడుకలో ఏటీఎఫ్ అంటారు. ఇది శుద్ధి చేసిన ఒక రకం కిరోసిను. భారతదేశంలో విమాన సంస్థల ఖర్చులలో అతి పెద్దది ఇంధనపు ఖర్చు. మొత్తం వ్యయంలో సుమారు మూడోవంతు నుండి 40 శాతం వరకు దీనికే పోతుంది. అందువలన ఒక రాష్ట్రం ఈ పన్నును పెంచినా తగ్గించినా దాని ప్రభావం టిక్కెట్టు ధరపైన, చిన్న పట్టణాల విమాన సర్వీసులపైన, సొంత విమానం ఉన్న వ్యాపార సంస్థలపైన పడుతుంది. తెలుగు రాష్ట్రాలలో ఈ పన్ను రేటు 33 శాతం నుండి 1 శాతం వరకు ఎన్నో మార్పులకు లోనైనది.

పన్ను వేసే అధికారం

భారత రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితా 54వ అంశం ప్రకారం విమాన ఇంధనం వంటి కొన్ని సరుకుల అమ్మకంపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నది. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి జరిగే అమ్మకాలపై అధికారం 1956 నాటి ఆరవ రాజ్యాంగ సవరణతో కేంద్రానికి వచ్చినది. అదే సంవత్సరం కేంద్ర అమ్మకపు పన్ను చట్టం చేయబడినది.

విమానం ఇంధనం నింపుకొని క్షణాలలో రాష్ట్రం దాటిపోతుంది, ఒక్కొక్కసారి దేశమే దాటిపోతుంది. మరి ఆ అమ్మకం ఎక్కడ జరిగినట్లు? ఈ ప్రశ్న కలకత్తాలోని డమ్‌డమ్ విమానాశ్రయం విషయంలో బర్మా షెల్ కంపెనీ వేసిన దావాలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. విదేశాలకు వెళ్ళే విమానంలో పోసిన పెట్రోలు ఎగుమతి సరుకే కనుక రాష్ట్ర పన్ను చెల్లదని కంపెనీ వాదించినది. న్యాయస్థానం 1960లో ఈ వాదనను తోసిపుచ్చినది. ఎగుమతి కావాలంటే సరుకు విదేశంలో ఒకరికి చేరవలసి ఉంటుందని, దారిలో విమానమే తాగివేసే ఇంధనానికి అటువంటి గమ్యం లేదని తీర్పు సారాంశం. ట్యాంకులో ఇంధనం పోసిన చోటనే అమ్మకం పూర్తయినది కనుక పన్ను ఆ రాష్ట్రానికే చెందుతుంది. తరువాతి కాలంలో కేంద్ర అమ్మకపు పన్ను చట్టంలోని 5వ సెక్షనుకు ఒక ఉపవిభాగం చేర్చి, కేంద్రం గుర్తించిన భారతీయ విమాన సంస్థలు అంతర్జాతీయ ప్రయాణాలకు కొనే ఇంధనాన్ని ఎగుమతిగా పరిగణించాలని పార్లమెంటు నిర్దేశించినది. కోర్టు కాదన్నదానిని చట్టం ఔనన్నదన్నమాట. దేశీయ ప్రయాణాలకు మాత్రం పాత సూత్రమే వర్తిస్తున్నది.

చరిత్ర

దేశంలో సాధారణ అమ్మకపు పన్నును మొదట ప్రవేశపెట్టినది మద్రాసు రాష్ట్రం, 1939లో. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలో భాగమే. హైదరాబాదు రాష్ట్రంలో 1950లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చినది. భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ రెండింటి స్థానంలో 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం అమలులోకి వచ్చినది.

విమానయానం మాత్రం హైదరాబాదుకు అంతకు ముందే వచ్చినది. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి విమానాలు నడిపి, 1953 జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. జంట నగరాలలో ఆకాశం వైపు చూసేవారికి రెండు రకాల విమానాలు పరిచయం. అల్వాల్, బొల్లారం మీదుగా ఎగిరేవి హకీంపేట వైమానిక దళ స్థావరానికి చెందిన శిక్షణ విమానాలు. ఈ వ్యాసంలో చెప్పే వ్యాపార లెక్కలతో వాటికి సంబంధం లేదు. రెండవ రకం, బేగంపేటలో దిగే ప్రయాణికుల విమానాలు. అమ్మకపు పన్ను భారమంతా వీటిదే. ఈ రాకపోకలు 2008 మార్చిలో శంషాబాదుకు తరలిపోయినవి.

2005 ఏప్రిల్ 1న 1957 చట్టం స్థానంలో విలువ ఆధారిత పన్ను (వ్యాట్) చట్టం వచ్చినది. వ్యాట్ విధానంలో సాధారణంగా కొనుగోలుపై కట్టిన పన్ను అమ్మకంపై కట్టవలసిన దానిలో తగ్గుతుంది. పెట్రోలియం ఉత్పత్తులకు ఆ వెసులుబాటు లేదు. పేరు మారినా విమాన సంస్థకు అది పాత అమ్మకపు పన్నుగానే మిగిలినది.

రేట్ల మార్పులు

ఆంధ్రప్రదేశ్‌లో విమాన ఇంధనంపై పన్ను 33 శాతంగా ఉండేది. శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న పని ప్రారంభించినది. ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వం ఈ రేటును ఒక్కసారిగా 4 శాతానికి దించినది. కొత్త విమానాశ్రయానికి విమానాలను రప్పించుట, అవి ఇక్కడే ఇంధనం నింపుకొనేలా చేయుట దీని ఉద్దేశం. రెండేళ్ళు గడిచేసరికి ఖజానా అవసరాలు ముందుకు వచ్చినవి. 2010లో రేటు 16 శాతానికి పెరిగినది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినపుడు రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా దక్కినది ఈ 16 శాతమే. విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి విమానాశ్రయాలకు ఊపునివ్వదలచిన ఆంధ్రప్రదేశ్ ముందుగా 1 శాతానికి తగ్గించగా, తరువాత తెలంగాణ కూడా అదే రేటుకు వచ్చినది.

ఇతర రాష్ట్రాల దారులు వేరు. తమిళనాడు 29 శాతం వంటి ఎక్కువ రేటును చాలాకాలం కొనసాగించినది. కేరళ 5 శాతానికి దిగినది. మహారాష్ట్ర 2023-24 బడ్జెట్టులో ముంబయి, పూణె, రాయగఢ్ ప్రాంతాలకు 25 నుండి 18 శాతానికి తగ్గించినది.

ఇంధనం మోసుకుపోవుట

రాష్ట్రాల మధ్య ఇంత వ్యత్యాసం ఉన్నపుడు విమాన సంస్థలు చవకగా దొరికే చోట అవసరానికి మించి ఇంధనం నింపుకొని, ఖరీదైన చోట తక్కువగా కొంటాయి. దీనిని విమానయాన పరిభాషలో ట్యాంకరింగు అంటారు. ఊరికి పోయేటపుడు ఇంటి నుండే బియ్యం మూట కట్టుకుపోవుట వంటిది ఇది. తేడా ఏమిటంటే ఈ మూటను మోయుటకు ఆ మూటలోనిదే కొంత ఖర్చవుతుంది. అదనపు బరువు వలన, అదనంగా మోసే ఇంధనంలో గంటకు సుమారు 3 నుండి 4 శాతం కాలిపోతుందని ఒక స్థూలమైన అంచనా.

ఒక ఊహాజనితమైన లెక్క చూడవచ్చు. కేంద్ర ఎక్సైజు సుంకం కలిసి లీటరు ధర రెండు చోట్లా 80 రూపాయలు అనుకొందాము. 1 శాతం పన్ను ఉన్న హైదరాబాదులో అది 80.80 రూపాయలు, 29 శాతం పన్ను ఉన్న చెన్నైలో 103.20 రూపాయలు అవుతుంది. హైదరాబాదులో 5,000 లీటర్లు అదనంగా నింపితే ఖర్చు 4,04,000 రూపాయలు. గంట ప్రయాణంలో 200 లీటర్లు ఆవిరైనా చెన్నైలో 4,800 లీటర్లు మిగులుతాయి. అక్కడ వాటిని కొనాలంటే 4,95,360 రూపాయలు కావాలి. ఒక్క ప్రయాణంలో 91,360 రూపాయలు మిగిలినట్లు. అదే హైదరాబాదులో రేటు 33 శాతంగా ఉంటే లీటరు 106.40 రూపాయలు అయి లెక్క తలక్రిందులవుతుంది. అపుడు ఇక్కడికి వచ్చే విమానమే చెన్నై నుండి మోసుకువస్తుంది.

కనుక పన్ను రేటు పెంచినంత మాత్రాన ఆదాయం అదే నిష్పత్తిలో పెరగదు. రేటు తగ్గించినపుడు అమ్మకం పెరిగినా, 33 శాతం నుండి 1 శాతానికి వచ్చిన నష్టాన్ని ఇంధనపు పన్ను ఒక్కటే పూడ్చాలంటే అమ్మకం 33 రెట్లు కావాలి. అది జరిగే పని కాదు. రాష్ట్రాలు ఆశించే లాభం ఉద్యోగాలు, హోటళ్ళు, మరమ్మతు కేంద్రాల రూపంలో పరోక్షంగా రావలసినదే. మోసుకుపోయే పద్ధతి వలన దేశం మొత్తం మీద అనవసరంగా ఇంధనం కాలుతుందనే సంగతి మాత్రం ఏ రాష్ట్రపు లెక్కలోనూ కనబడదు.

చిన్న విమానాలు, కడప సర్వీసు

కేంద్ర అమ్మకపు పన్ను చట్టం 14వ సెక్షను కొన్ని సరుకులను విశేష ప్రాముఖ్యం గలవిగా ప్రకటిస్తుంది. వాటిపై రాష్ట్రాలు వేసే పన్నుకు 15వ సెక్షను పరిమితి విధిస్తుంది. ఈ పరిమితి మొదట 4 శాతం, 2011 నుండి 5 శాతం. గరిష్ఠ బరువు 40,000 కిలోల లోపు ఉండి, షెడ్యూలు ప్రకారం నడిచే సంస్థల విమానాలకు అమ్మే ఇంధనం ఈ జాబితాలో చేర్చబడినది. రెక్కపంకాలతో ఎగిరే ఏటీఆర్-72 రకం విమానం బరువు సుమారు 23,000 కిలోలు కనుక దీని పరిధిలోకి వస్తుంది. ఎయిర్‌బస్ ఎ-320 రాదు.

ఇక్కడ గమనించవలసిన మెలిక ఒకటి ఉన్నది. ఒక పారిశ్రామికవేత్త సొంత జెట్ విమానం 10,000 కిలోలే ఉన్నా ఈ రాయితీ దొరకదు, ఏలనంటే అది షెడ్యూలు సంస్థ కాదు. అద్దెకు తిరిగే చార్టర్ విమానాలదీ, హెలికాప్టర్లదీ అదే పరిస్థితి. ఆయా రాష్ట్రపు సాధారణ రేటే వాటికి గతి. శిక్షణ సంస్థలలోని చాలా పిస్టన్ ఇంజను విమానాలు వాడేది ఏటీఎఫ్ కాదు, ప్రత్యేకమైన విమాన పెట్రోలు. ఏటీఎఫ్‌పై తగ్గింపులు వాటికి అక్కరకు రావు.

2016 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఉడాన్ పథకంలో చేరే రాష్ట్రాలు తమ ప్రాంతీయ విమానాశ్రయాలలో ఇంధనంపై వ్యాట్‌ను పదేళ్ళపాటు 1 శాతం లేదా అంతకంటే తక్కువకు ఉంచవలెను. కేంద్రం తన ఎక్సైజు సుంకాన్ని 2 శాతానికి పరిమితం చేసినది. ఈ పథకం క్రింద 2017 ఏప్రిల్ 27న ప్రారంభమైన తొలి మార్గాలలో కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు ఉన్నవి. వీటిని నడిపినది హైదరాబాదు కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ సంస్థ. అన్ని రాయితీలు ఉన్నా ఆ సంస్థ నిలదొక్కుకోలేక 2022లో సర్వీసులు ఆపివేసినది. అదే సంవత్సరం ఇండిగో ఏటీఆర్ విమానాలతో కడపకు వచ్చినది. పన్ను తగ్గింపు ఒక సర్వీసు మొదలగుటకు తోడ్పడగలదు గాని, సంస్థకు పెట్టుబడి కొరతను తీర్చలేదు.

విమానం కొనుగోలుపై పన్ను

ఇంధనం సంగతి ఇలా ఉండగా విమానం కొనుగోలు 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను (జీఎస్టీ) పరిధిలోకి వచ్చినది. వ్యాపారానికి వాడే విమానంపై 5 శాతం, సొంత వాడకానికి కొన్న విమానంపై 28 శాతం పన్ను, 3 శాతం పరిహార సెస్సు విధించబడినవి. 2025 సెప్టెంబరు 22 నుండి సొంత వాడకపు విమానంపై రేటు 40 శాతం అయినది, సెస్సు తొలగినది. వంద కోట్ల విమానానికి ఒక రకం వాడకమైతే 5 కోట్లు, మరొక రకమైతే 40 కోట్లు పన్ను. కనుక విమానాన్ని దేనికి వాడుతున్నారనే ప్రశ్న ఎంతో విలువైనది. విమాన మరమ్మతు సేవలపై పన్ను 2020 ఏప్రిల్ నుండి 18 నుండి 5 శాతానికి తగ్గినది. శంషాబాదులోని మరమ్మతు కేంద్రాలకు ఇది మేలు చేసినది.

అమెరికాలో ఈ వ్యవహారం వేరు. అక్కడ విమానం కొనుగోలుపై పన్ను ఇప్పటికీ రాష్ట్రాలదే. అమ్మకపు పన్ను లేని ఆరిగన్‌లో విమానం కొని కాలిఫోర్నియాలో ఉంచుకొంటే పన్ను తప్పదు. కాలిఫోర్నియా వినియోగ పన్ను పేరుతో అదే మొత్తం వసూలు చేస్తుంది. కనీస రేటు 7.25 శాతం చొప్పున 3 లక్షల డాలర్ల విమానానికి ఇది 21,750 డాలర్లు. వేరే రాష్ట్రంలో పన్ను కట్టి ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు. ఇటువంటి పన్ను రాజ్యాంగబద్ధమేనని అక్కడి సుప్రీంకోర్టు 1937లో వాషింగ్టన్ రాష్ట్రపు కేసులో తేల్చినది. అమెరికాలో స్థిరపడి చిన్న విమానం కొనుక్కొనే తెలుగువారు, విమానం ఎక్కడ కొన్నామనే దానికంటే ఎక్కడ నిలుపుతున్నామనే దానిని ముందు చూసుకోవలసి ఉంటుంది. భారతదేశంలో దీనికి దగ్గరగా ఉండినది ప్రవేశ పన్ను. స్థానిక ప్రాంతంలోకి వాడకానికి తెచ్చే సరుకుపై రాష్ట్రాలు వేసే ఈ పన్నును, వివక్ష లేనంతవరకు చెల్లుతుందని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2016లో సమర్థించినది. మరుసటి ఏడే అది జీఎస్టీలో కలిసిపోయినది.

జీఎస్టీ వెలుపల

ముడి చమురు, పెట్రోలు, డీజిలు, సహజ వాయువు, విమాన ఇంధనం – ఈ ఐదింటిని జీఎస్టీ మండలి నిర్ణయించే తేదీ వరకు ఆ పన్ను నుండి మినహాయించినారు. దీని వలన విమాన సంస్థ టిక్కెట్టుపై జీఎస్టీ వసూలు చేసి కడుతున్నా, ఇంధనంపై కట్టిన వ్యాట్‌ను, ఎక్సైజును అందులో తగ్గించుకోలేదు. పన్నుపై పన్ను పడి అది ఛార్జీలో చేరుతుంది. అందుకే విమాన ఇంధనాన్ని జీఎస్టీలో చేర్చవలెనని ఈ రంగం వారు మొదటి నుండీ కోరుతున్నారు.

దీనికి ఎదురు వాదం బలమైనదే. తెలంగాణలో బస్సుకూ లారీకీ పోసే డీజిలుపై వ్యాట్ 27 శాతం, స్కూటరులో పోసే పెట్రోలుపై 35.2 శాతం ఉండగా, విమాన ఇంధనంపై 1 శాతం ఉండుట సమంజసమా అనే ప్రశ్నకు సూటి సమాధానం దొరకదు. బస్సు పన్ను ఎక్కువైతే పక్క రాష్ట్రానికి పోయి డీజిలు పోయించుకొని రాలేదు, విమానం పోగలదు. రేట్లలో తేడాకు అసలు కారణం ఇదే.

రాష్ట్రాల భయం మరొకటి. జీఎస్టీ వచ్చిన తరువాత వాటి చేతిలో స్వయంగా రేటు నిర్ణయించుకొనే పన్నులు పెట్రోలియం, మద్యం వంటి కొన్నింటికే పరిమితమైనవి. విమాన ఇంధనాన్ని వదులుకొంటే తరువాత డీజిలు, పెట్రోలు వంతు వస్తుందని వాటి అనుమానం. 2024 డిసెంబరు 21న జైసల్మేరులో జరిగిన 55వ జీఎస్టీ మండలి సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు వచ్చినపుడు రాష్ట్రాలు అంగీకరించలేదు. ముడి చమురు, డీజిలుతో కూడిన వర్గంలో నుండి దీనిని ఒక్కదానిని విడదీయరాదని అవి వాదించినవి.