హ్యాండిక్యాప్ (తెరచాప పడవ పందేలు)

పొడవులోనూ బరువులోనూ తెరచాపల విస్తీర్ణంలోనూ ఒకదానికొకటి పొంతన లేని పడవలు ఒకే పందెంలో దిగినప్పుడు, అవి గమ్యం చేరడానికి తీసుకున్న కాలాన్ని పడవ సామర్థ్యాన్ని బట్టి సవరించి విజేతను తేల్చే పద్ధతి. గోల్ఫ్‌లో, గుర్రప్పందేల్లో కూడా ఈ మాట వాడుకలో ఉంది. అయితే అక్కడ లెక్క ఆటగాడి నేర్పుకో గుర్రం పాత గెలుపులకో కడతారు. ఇక్కడ లెక్క పడవకే, నడిపేవాడికి కాదు. కనీసం ఆశయం అది.

ఈ సవరణ అవసరం నీటి స్వభావంలోనే ఉంది. నీటిని తోసుకుంటూ సాగే పడవ తన చుట్టూ ఒక అలను లేపుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల నిడివీ పెరుగుతుంది. అది పడవ నిడివిని అందుకున్నాక ఎంత గాలి ఉన్నా బరువైన పడవ దాన్ని ఎక్కి దాటలేదు. నీటిమట్టం దగ్గర పడవ పొడవు ఎన్ని అడుగులో చూసి, ఆ అంకె వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగపు హద్దు సుమారుగా నాట్లలో వస్తుంది. 25 అడుగుల పడవకు అది 6.7 నాట్లు, 100 అడుగుల పడవకు 13.4. అంటే పెద్ద పడవ యజమాని నిద్రపోతూ గెలవవచ్చు.

తొలి దశ

ఇంగ్లండు రాజు రెండో చార్లెస్, ఆయన తమ్ముడు జేమ్స్ 1661లో థేమ్స్ నదిపై నూరు పౌన్ల పందెం కాసి తమ పడవలు నడిపారు. 1775లో అదే నదిపై కంబర్లండ్ ఫ్లీట్ అనే సంఘం పందేలు మొదలుపెట్టింది. 1815లో స్థాపించిన క్లబ్బు తరువాత రాయల్ యాట్ స్క్వాడ్రన్‌గా మారి కౌజ్ రేవును ఈ ఆటకు రాజధానిగా చేసింది.

పందేనికి వచ్చే పడవలు పెరిగి, చిన్న పడవల యజమానులు గొణగడం మొదలయ్యాక 1840లలో క్లబ్బు సభ్యుడు ఏకర్స్ ఒక పట్టిక తయారుచేశాడు. రెండు పడవల టన్నేజీలో తేడాను, పందెం దూరాన్ని బట్టి చిన్నదానికి ఎంత సమయం వదలాలో అది చెబుతుంది. అయినా పట్టికను అన్ని పందేల్లో వాడలేదు. 1851 ఆగస్టు 22న వైట్ ద్వీపాన్ని చుట్టివచ్చే పందెంలో 170 టన్నుల 'అమెరికా' మొదట వచ్చింది, 47 టన్నుల 'అరోరా' రెండోది. ఆ రోజు సమయం మినహాయింపు లేదు. నేటి అమెరికాస్ కప్ ఆ గెలుపు నుంచి పుట్టిందే.

టన్నేజీ యుగం

పట్టిక సంగతి సరే, టన్నేజీ కొలిచేదెలా? వ్యాపార నౌకలపై సుంకం వేయడానికి పుట్టిన కొలత అది. సరుకు నిండిన ఓడలో దిగి లోతు కొలవడం కష్టం కనుక, లోతు వెడల్పులో సగం ఉంటుందని సుంకం అధికారులు అనుకునేవారు. రాయల్ థేమ్స్ యాట్ క్లబ్ 1855లో దీన్నే సవరించి థేమ్స్ కొలతగా చేసింది: పొడవులోంచి వెడల్పు తీసివేసి, వచ్చినదాన్ని వెడల్పుతోనూ, వెడల్పులో సగంతోనూ గుణించి, 94తో భాగించాలి. ఈ లెక్కలో లోతు లేదు. తెరచాపలూ లేవు. వెడల్పు మాత్రం రెండుసార్లు గుణకంగా వచ్చి కూర్చుంది.

పడవలు కట్టేవాళ్లకు ఇంతకంటే స్పష్టమైన సంకేతం అక్కరలేదు. వెడల్పుకు పన్ను ఉంది కాబట్టి తగ్గించారు. లోతుకు లేదు కాబట్టి పెంచారు. సన్నబడిన పడవ ఒరిగిపోకుండా అడుగున కీల్‌కు సీసం పోసి బిగించారు. తెరచాపకూ పన్ను లేదు కనుక దూలాలు విరిగేంతగా గుడ్డ ఎక్కించారు. అంచు మీద నిలబెట్టిన పలకలాగా ఉండే ఆ పడవలు గాలికి ఎదురు వెళ్లడంలో నిజంగానే దిట్టలు. లోపల కూర్చున్నవాళ్లు మాత్రం సగం కాలం నీళ్లలోనే ఉండేవారు.

1875లో ఏర్పడిన యాట్ రేసింగ్ అసోసియేషన్ 1880ల ఆరంభంలో సూత్రాన్ని మార్చింది: పొడవు, వెడల్పు కలిపి వర్గం చేసి, వెడల్పుతో గుణించి, 1730తో భాగించాలి. మార్పు ఉద్దేశం మంచిదే, ఫలితం కాదు. నీటిమట్టం దగ్గర 34 అడుగుల పొడవున్న పడవను 8 అడుగుల వెడల్పుతో కడితే ఈ సూత్రం దాన్ని 8 టన్నులు దాటిస్తుంది. అదే పొడవుకు వెడల్పు ఐదున్నర అడుగులు చేస్తే 4.96 టన్నులు. అంటే అయిదు టన్నుల తరగతిలో హాయిగా ఇమిడిపోతుంది. ఇది ఊహించిన లెక్క కాదు. 1886లో విలియం ఎవాన్స్ పేటన్ గీసిన 'ఊనా' కొలతలే అవి. మనిషి చేతులు చాపితే రెండు పక్కలా అందేంత వెడల్పు గల పడవ అన్నమాట, కిందికి మాత్రం 8 అడుగుల లోతు. ఆ ఏడాదే కొత్త పడవను రేవుకు చేర్చే ప్రయాణంలో ఐర్లండు తూర్పు తీరాన గాలివానలో చిక్కి అది నేలకు కొట్టుకుంది. పేటన్ కూడా అందులోనే ఉన్నాడు. ఎవరూ బతకలేదు.

ఆ ఏడాది చివరికి టన్నేజీ కొలతకు కాలం చెల్లింది. యాట్ రచయిత డిక్సన్ కెంప్ చాలాకాలంగా చెబుతున్న సూత్రాన్ని సంఘం అంగీకరించింది: నీటిమట్టపు పొడవును తెరచాపల విస్తీర్ణంతో గుణించి 6000తో భాగించడం. వెడల్పు మీద పన్ను ఎత్తేశారు. పడవలు మళ్లీ ఒళ్లు చేశాయి. జి. ఎల్. వాట్సన్ వేల్స్ యువరాజు కోసం 1893లో గీసిన 'బ్రిటానియా' 1935 దాకా పందేల్లో ఉండడం ఆ కాలపు ఆరోగ్యానికి మంచి సాక్ష్యం.

అట్లాంటిక్‌కు అవతల

అమెరికన్లు 1880లలో సివానాకా సూత్రం వాడారు. నీటిమట్టపు పొడవు, తెరచాపల విస్తీర్ణపు వర్గమూలం ఈ రెంటి సగటు అది. ఇందులోనూ ఒక సందు దొరికింది. పడవ నిశ్చలంగా ఉన్నప్పుడే నీటిమట్టపు పొడవు కొలుస్తారు కనుక, ముందూ వెనుకా నీటిపైన చాచుకుని ఉండేలా కడితే, ఒరిగినప్పుడు ఆ భాగాలు కూడా నీటిలోకి దిగి పడవ 'పొడవవుతుంది'. దీని పరాకాష్ఠ నథానియెల్ హెరెషాఫ్ 1903లో కట్టిన 'రిలయన్స్'. నీటిమట్టం దగ్గర 90 అడుగుల లోపు, మొత్తం మీద 143 అడుగులు, తెరచాపలు 16,000 చదరపు అడుగులకు పైన. ఆ సందును మూయడానికి యూనివర్సల్ రూల్ రాసింది కూడా హెరెషాఫే. అందులో పొడవును తెరచాపల వర్గమూలంతో గుణించి, పడవ బరువుకు ఘనమూలంతో భాగిస్తారు. బరువుంటే లాభం, కనుక పడవలకు మళ్లీ పుష్టి వచ్చింది. ఐరోపా దేశాలు 1906లో లండన్‌లో సమావేశమై మీటర్ తరగతులు ఏర్పాటు చేసుకున్నాయి.

సమయం మినహాయింపుతో జరిగిన చివరి అమెరికాస్ కప్ 1920 నాటిది. సర్ థామస్ లిప్టన్ పడవ 'షామ్‌రాక్ 4' పెద్దది కావడంతో 'రిజొల్యూట్'కు సమయం వదలాలి. మూడో పందెంలో రెండూ దూరాన్ని ఒకే కాలంలో, సెకను తేడా లేకుండా పూర్తిచేశాయి. లెక్క ప్రకారం రిజొల్యూట్ 7 నిమిషాల 1 సెకనుతో గెలిచింది. ఒడ్డున చూసేవాళ్లకు ఇది మింగుడుపడలేదు. 1930 నుంచి ఆ పోటీలో ఒకే రేటింగు గల జె తరగతి పడవలను ముఖాముఖి దింపారు.

సముద్ర పందేలు

హ్యాండిక్యాప్ అసలు ఇల్లు దూరపు సముద్ర పందేలే. బెర్ముడా పందెం 1906లో, ఫాస్ట్‌నెట్ 1925లో, సిడ్నీ-హోబర్ట్ 1945లో మొదలయ్యాయి. బ్రిటన్‌లో రాయల్ ఓషన్ రేసింగ్ క్లబ్, అమెరికాలో క్రూజింగ్ క్లబ్ ఎవరి సూత్రం వారు నడిపాయి. బ్రిటిష్ సూత్రాన్ని తరచి చూసిన జాన్ ఇలింగ్‌వర్త్ కొసలు కత్తిరించినట్టుండే 'మిత్ ఆఫ్ మాలమ్'తో 1947, 1949 ఫాస్ట్‌నెట్‌లు గెలిచాడు. అమెరికన్ సూత్రం వెడల్పు పడవలను ఆదరించగా, ఓలిన్ స్టీఫెన్స్ గీసిన 38 అడుగుల 'ఫినిస్టెర్' 1956, 1958, 1960లలో వరుసగా మూడు బెర్ముడా పందేలు కొట్టింది. సిడ్నీ-హోబర్ట్‌లో నేటికీ అసలు బహుమతి టాటర్సాల్స్ కప్ సవరించిన సమయంలో మొదటివాడిదే. ముందుగా రేవు చేరినవాడికి ఇలింగ్‌వర్త్ పేరిట మరో బహుమతి ఇస్తారు, పత్రికల్లో ఫోటో కూడా అతనిదే పడుతుంది.

రెండు సూత్రాలనూ కలిపి 1970 ప్రాంతంలో వచ్చినది ఇంటర్నేషనల్ ఆఫ్‌షోర్ రూల్, పిలుపులో ఐఓఆర్. స్టీఫెన్స్ నాయకత్వంలోని సంఘం దీన్ని నిజాయితీగానే రాసింది. కాని పడవ చుట్టుకొలతను కొన్ని నిర్ణీత బిందువుల దగ్గరే తీస్తారని తెలిశాక, సరిగ్గా ఆ బిందువుల దగ్గర ఒళ్లు ఉబ్బి, మిగతా చోట సన్నగా ఉండే పడవలు వచ్చాయి. వెనుక భాగం చిటికెలో పట్టి నొక్కినట్టు కుంచించుకుపోయింది. ఒరగకుండా నిలిచే శక్తికి సూత్రంలో జరిమానా ఉండడంతో ఆ శక్తినీ తగ్గించుకుని, సిబ్బందిని అంచు మీద వరుసగా కూర్చోబెట్టి సరిపెట్టారు. 1979 ఫాస్ట్‌నెట్‌లో 303 పడవలు బయలుదేరగా తుఫాను పడి 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ గాలికి ఏ సూత్రమూ బాధ్యత వహించదు. అయినా పడవలు బోర్లాపడితే తిరిగి లేస్తాయా అన్న ప్రశ్నను ఆ తరువాత ఎవరూ పక్కన పెట్టలేకపోయారు.

గణితం, గోప్యత, అనుభవం

కొలతల నుంచి వేగాన్ని ఊహించే బదులు నేరుగా లెక్కగట్టవచ్చన్నది మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1970లలో జరిగిన పరిశోధన. ఇర్వింగ్ ప్రాట్ పేరిట సాగిన ఆ పథకంలో పడవ ఆకారాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి, ఏ గాలిలో ఏ దిశలో ఎంత వేగం వస్తుందో రాబట్టారు. 1980లలో అది ఐఎంఎస్‌గా అంతర్జాతీయ పద్ధతి అయింది, నేటి ఓఆర్‌సీ రేటింగులు దాని సంతతే. పందెం రోజు వీచిన గాలిని బట్టి రేటింగు మారగలగడం దీని గొప్ప.

ఇంగ్లిష్ ఛానెల్‌కు ఇరుపక్కలా ఉన్న బ్రిటిష్, ఫ్రెంచి క్లబ్బులు వేరే దారి పట్టాయి. 1980లలో వచ్చి తరువాత ఐఆర్‌సీగా పేరు మార్చుకున్న వారి సూత్రాన్ని బయటపెట్టరు. తెలియని సూత్రానికి తగ్గట్టు పడవ కట్టడం కష్టం కదా! పట్టిన కాలాన్ని గుణించాల్సిన గుణకం మాత్రం పడవ ధ్రువపత్రం మీద ఉంటుంది. గుణకం 1.050 ఉన్న పడవ 4 గంటల్లో వస్తే దాని లెక్క 4 గంటల 12 నిమిషాలు. 0.950 ఉన్నది 24 నిమిషాలు ఆలస్యంగా వచ్చినా లెక్కలో 4 గంటల 10 నిమిషాల 48 సెకన్లే, గెలుపు దానిదే.

క్లబ్బు స్థాయి చిన్న పడవలకు కొలతలే అక్కరలేదన్నాడు జిల్‌వుడ్ మిలెడ్జ్. పోర్ట్స్‌మత్ దగ్గరి లాంగ్‌స్టన్ క్లబ్బులో 1947లో ఆయన మొదలుపెట్టిన పట్టిక, పాత పందేల ఫలితాలనే చూసి ఒక్కో పడవ రకానికి ఒక అంకె ఇచ్చింది. పట్టిన కాలాన్ని వెయ్యితో గుణించి ఆ అంకెతో భాగిస్తే చాలు. లేజర్ అనే రకం పడవ అంకె 1100 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి 66 నిమిషాలు పడితే 60గా రాస్తారు. క్లబ్బులు పంపే ఫలితాలతో అంకెలను ఏటా సరిచూస్తారు. ఇక్కడ తెలియకుండానే నడిపేవాళ్ల నేర్పు కూడా అంకెలో కలుస్తుంది. చక్కటి నావికులు ఇష్టపడే పడవకు అంకె కఠినంగా మారుతుంది. అయినా ఇన్ని పద్ధతుల్లోకీ అతి తక్కువ వంకర పడవలు పుట్టించినది ఇదే. అమెరికాలోని పీహెచ్‌ఆర్ఎఫ్ కూడా అనుభవం మీద ఆధారపడేదే. అది నాటికల్ మైలుకు ఇన్ని సెకన్లని ఇస్తుంది.

కాలాన్ని గుణించాలా, దూరాన్ని బట్టి సెకన్లు తీసెయ్యాలా అన్న వాదం తేలలేదు. గాలి సన్నగిల్లి పందెం సాగదీస్తే దూరం లెక్కలో చిన్న పడవకు ఇచ్చిన సెకన్లు చాలవు. గుణకం లెక్కలో మినహాయింపు కాలంతోపాటు పెరుగుతుంది. పెద్ద పడవలు రేవు చేరాక ఆటుపోటు తిరిగి చిన్న పడవలకు ఎదురైతే మాత్రం ఏ లెక్కా ఆదుకోదు.

ఒకే నమూనా పడవలు

సూత్రాల గొడవే వద్దని డబ్లిన్ దగ్గర 1887లో అందరూ ఒకే రకం పడవలు, 'వాటర్ వ్యాగ్'లు, కట్టించుకున్నారు. ఒలింపిక్స్ దారి కూడా ఇదే. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో జరిగే లేజర్ పోటీల్లోనూ పడవ పడవకు తేడా ఉండదు. తెరచాప పరిమాణాన్ని బట్టి విడదీసిన విభాగాలకు వేరువేరుగా ఫలితాలు రాస్తారు. ముందు వచ్చినవాడే గెలిచినట్టు.